నేరం మార్చుకోండమ్మా

చింతలమెరక జిల్లా పాల సంఘం మేనేజింగ్ డైరెక్టరు పురంజయరావుగారు సముద్రపు ఒడ్డున ఏదో రిసార్టులో జరిగిన శిక్షణకు వెళ్లి, ఎండకు మొహం కమిలి, మనసు మాత్రం తెల్లగా తోముకుని తిరిగొచ్చారు. వెళ్లకముందు ఆయన అందరిలాంటి అధికారే. కోపమొస్తే అరిచేవారు, అరిచాక మరిచిపోయేవారు. సంఘం ఆ పద్ధతికి అలవాటుపడి ఓ మాదిరిగా నడుస్తూ ఉండేది. తిరిగొచ్చాక ఆయన అరవడం మానేశారు. దాంతో అందరికీ భయం పట్టుకుంది.

వచ్చిన మర్నాడే పాలపొడి గోదాములో కుర్చీలు వేయించి సిబ్బందిని కూర్చోబెట్టారు. వెనకాల గోడకు పెయింటరు చేత పెద్ద నిచ్చెన బొమ్మ వేయించారు. దానికి అయిదు మెట్లు. కింది మెట్టు మీద నవ్వుతున్న మనిషి, పై మెట్టు మీంచి తలకిందులుగా పడుతున్న మనిషి. ఇద్దరి మొహమూ ఒకటే. పెయింటరుకు వచ్చిన మొహం అదొక్కటే.

"మిత్రులారా! నేటి నుంచి మన సంస్థలో క్రమోన్నత క్రమశిక్షణా విధానం అమల్లోకి వస్తోంది" అన్నారు పురంజయరావుగారు. "మనం ఎవరినీ శిక్షించం. సంస్కరిస్తాం. ప్రథమ సోపానం మౌఖిక హితబోధ. ద్వితీయం లిఖిత హెచ్చరిక. తృతీయం ఇంక్రిమెంటు నిలుపుదల. చతుర్థం సస్పెన్షన్. పంచమం ఉద్వాసన. ఏ మెట్టూ దాటవేయరాదు. ఒకే స్వభావం గల తప్పు పునరావృతమైతేనే తదుపరి మెట్టు. తప్పు స్వభావం మారితే మళ్లీ ప్రథమ సోపానం నుంచే ప్రారంభం. ఎందుకంటే ప్రతి మనిషికీ, ప్రతి తప్పుకీ ఒక తొలి అవకాశం ఉండాలి."

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టినవాడు టాంకరు డ్రైవరు సింహాద్రి.

చివరి వరసలో కూర్చున్న భ్రమరాంబ మాత్రం చేతులు కదపలేదు. ఆవిడ సంఘంలో పాల పరీక్షల గదికి బాధ్యురాలు. ఊళ్లనుంచి టాంకరు రాగానే పాలలో లాక్టోమీటరు అనే గాజుగొట్టం ముంచి చూడడం, వెన్న శాతం తేల్చడం, బాగుంటే లోపలికి పంపడం, లేకపోతే రాసి పైకి పంపడం ఆవిడ పని. మనిషి మంచిదే గాని మాట మెత్తన కాదు. పెళ్లయిన కొత్తలో అత్తగారు మాణిక్యమ్మ పెట్టిన కాఫీ తాగి, "ఇందులో పాలెన్ని, నీళ్లెన్ని?" అని అడిగిందట. ఆ మాట మాణిక్యమ్మ ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్పి నవ్వుతుంది. ఆ రోజునుంచీ వాళ్లింట్లో పాలవాడు మారాడు గాని కోడలు మారలేదు.

ఆ వారమే సింహాద్రి టాంకరులో నీళ్లు దొరికాయి. భ్రమరాంబ ఎప్పటిలాగే నివేదిక రాసి పంపింది. పాత రోజుల్లో అయితే పురంజయరావుగారి కేకలకు ఆవరణలో కాకులు లేచిపోయేవి. ఈసారి సింహాద్రిని లోపలికి పిలిచి, కుర్చీ వేసి, టీ ఇప్పించి తలుపు వేసుకున్నారు. చాలాసేపటికి బయటికొచ్చిన సింహాద్రి కళ్లు తుడుచుకుంటూ పరీక్షల గది దగ్గర ఆగాడు.

"ఆయ్! ఎంత మంచోరండీ మన ఎండీగారు! నా చిన్నప్పటి సంగతులన్నీ అడిగేరండి. మా నాన్న నన్ను ఎప్పుడైనా మెచ్చుకున్నాడా అని అడిగేరండి. ఎవరడుగుతారండీ ఈ రోజుల్లో?"

"నీళ్లెందుకు కలిపావని అడగలేదా?"

"అది రెండో మెట్టులో అడుగుతారంటండి."

ఆ హితబోధలో సింహాద్రి తన మనసులో ఉన్న బాధ కూడా ఒకటి చెప్పుకున్నాడు. మేడమ్‌గారు గాజుగొట్టం పాలలో ముంచి తనవంక ఒక చూపు చూస్తారనీ, ఆ చూపువల్ల తాను మంచివాడిగా మారలేకపోతున్నాననీ అన్నాడు. పురంజయరావుగారికి ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. సాయంత్రమే భ్రమరాంబకు పిలుపొచ్చింది.

గదిలో ఎండీగారి పక్కన ఎస్టాబ్లిష్‌మెంటు సూపరింటెండెంటు కామేశంగారు నిబంధనల పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన రిటైరయ్యేలోగా ఎవరితోనూ పేచీ పడకూడదని ఒట్టు పెట్టుకున్న మనిషి.

"మీ నివేదికలోని వాస్తవాల మీద సంస్థకు ఎటువంటి అభ్యంతరమూ లేదు. నివేదిక ఇవ్వడం మీదే అభ్యంతరం" అన్నారు పురంజయరావుగారు, ఎంతో మృదువుగా.

"పాలలో నీళ్లున్నాయని చెప్పడానికే కదండీ నాకు జీతమిస్తున్నారు?"

"జీతం పరీక్షించడానికి. చెప్పడానికి కాదు. సంస్కరణలో ఉన్న సహోద్యోగి మనోభావాలకు విఘాతం కలిగించడం ఒక దుష్ప్రవర్తన. ఇది మీకు ప్రథమ సోపానం." ఆయన ముందుకు వంగారు. "చెప్పండి, చిన్నతనంలో మిమ్మల్ని ఎవరైనా నీళ్లతో భయపెట్టారా?"

భ్రమరాంబ కామేశంగారి వంక చూసింది. ఆయన పుస్తకంలోకి చూశారు.

మళ్లీ వారానికి సింహాద్రి పాలలో పంచదార కలిపాడు. నీళ్లు కలిపితే గాజుగొట్టం మునుగుతుంది, పంచదార వేస్తే మళ్లీ తేలుతుంది. ఆ విద్య అతనికి తెలుసు, ఆ విద్య అతనికి తెలుసని భ్రమరాంబకీ తెలుసు. వేరే పరీక్ష చేసి పట్టుకుంది, రాసి పంపింది. రెండో మెట్టు ఎలా ఉంటుందో చూద్దామని ఆవరణంతా ఎదురుచూసింది. ఎండీగారి గదిలో మళ్లీ టీ వెళ్లింది.

"అదేంటండీ, రెండోసారి కదా?" అని కామేశంగారిని నిలదీసింది భ్రమరాంబ.

"స్వభావం వేరండమ్మా" అన్నారాయన గొంతు తగ్గించి. "మొదటిది పలుచన చేయడం. ఇది తీపి చేయడం. ఎండీగారు దీన్ని కల్తీ అని కూడా అనొద్దన్నారు. విలువ జోడింపు అట."

"మరి నాది?"

కామేశంగారు నిట్టూర్చి ఒక కవరు అందించారు. "మీది మాత్రం అదే స్వభావమండమ్మా. అప్పుడూ ఫిర్యాదే, ఇప్పుడూ ఫిర్యాదే. అందుకని ద్వితీయ సోపానం."

ఆ కవరు చూసి మాణిక్యమ్మ ఇంట్లో మండిపడింది. "ఓసి నీ అఘాయిత్యం కూలా! వాడు రకరకాలుగా దొంగతనం చేస్తుంటే నువ్వు ఒకే రకంగా నిజం చెప్తావేంటే? కాస్త మార్చి చెప్పలేవూ?" అంది. కోడలి పక్షమో, ఎదుటి పక్షమో ఆవిడకే తెలియనంత కోపంగా ఉంది.

సింహాద్రి తెలివైనవాడు. విధానంలోని గొప్పతనాన్ని సంస్థలో అందరికన్నా ముందు గ్రహించాడు. వెన్న తీసేశాడు. ప్రథమ సోపానం. టాంకరు డీజిలు అమ్మాడు. ప్రథమ సోపానం. బోరు నీళ్లు కలిపినవాడు ఓసారి చెరువు నీళ్లు కలిపాడు. అది భూగర్భజలం, ఇది ఉపరితలజలం అని కామేశంగారు ఫైలులో రాశారు. ప్రతి హితబోధలోనూ సింహాద్రి ఏడ్చాడు, ఎండీగారు కూడా ఏడ్చారు. ఇద్దరూ ఒకే రుమాలు వాడారని అటెండరు చెప్పాడు. అదే సమయంలో భ్రమరాంబ, కొత్తదనం ఏమాత్రం లేకుండా, పాలలో ఉన్నదేదో ఉన్నట్టు రాసి పంపి మూడో మెట్టెక్కింది. ఇంక్రిమెంటు పోయింది.

తర్వాత వచ్చింది కాలువ నీళ్ల టాంకరు. అవి మురుగు కలిసే చోటునుంచి తోడిన నీళ్లు. పాలు మూత తీయగానే పాచి వాసన కొట్టాయి. భ్రమరాంబ కాగితం రాసి ఊరుకోలేదు. స్వయంగా ఎండీగారి గదిలోకి పోయి, "ఈ పాలు హాస్టళ్లకి వెళ్తాయండీ. పిల్లలు తాగుతారు. పంపకండి" అని చెప్పింది.

"మీరు భావోద్వేగంలో ఉన్నారు" అన్నారు పురంజయరావుగారు. "కాలువ నీరు ఇదే ప్రథమం. ప్రథమ తప్పిదానికి పాలు నిలిపివేయడమంటే ఆ ఉద్యోగిని ప్రజల ముందు దోషిగా నిలబెట్టడం. అది విధానానికి విరుద్ధం." ఆ మాటతోపాటే నాలుగో మెట్టు కాగితం చేతికిచ్చారు. ఆమె సస్పెండైంది. పాలు హాస్టలుకు వెళ్లాయి.

తెల్లారేసరికి బాలికల హాస్టలులో సగంమంది పిల్లలు వాంతులతో ప్రభుత్వాసుపత్రిలో ఉన్నారు.

భ్రమరాంబ చాపలమీద పడుకోబెట్టిన పిల్లల మధ్యనుంచి నడిచింది. అందరికీ కళ్లు లోపలికి పోయాయి. గంగాభవాని అనే ఆరో తరగతి పిల్ల సెలైను పెట్టిన చెయ్యి కదపకుండా ఆవిణ్ణి చూసింది.

"మీరు పాల ఆఫీసు మేడమాండీ?"

"అవునమ్మా."

"వాసనొత్తన్నాయని నేను తాగనన్నానండి. తాగకపోతే బలమెలా వస్తాదని వార్డెనమ్మ తాగించిందండి. రేపట్నుంచి కూడా తాగాలాండీ?"

భ్రమరాంబ ఆ పిల్ల నుదుటిమీద చెయ్యి వేసింది. ఇన్నాళ్లూ తనకు జరుగుతున్నదాన్ని చూసి ఆవిడకు ఒళ్లు మండేది, నవ్వూ వచ్చేది. ఇప్పుడు నవ్వు రాలేదు. రాసి పంపాను, చెప్పి వచ్చాను, నా పని అయిపోయింది అనుకున్నానే, అని సిగ్గేసింది.

అదే సమయానికి పురంజయరావుగారు పళ్లబుట్టతో పరామర్శకు వచ్చారు. "ఇంతమంది బాలికలు ఒకేసారి అస్వస్థులు కావడం సంఘం చరిత్రలో ఇదే ప్రథమం. కనుక సంఘానికి సంఘమే మౌఖిక హితబోధ చేసుకుంది" అని విలేఖరులకు చెప్పి, ఫోటో దిగి వెళ్లారు.

పిల్లలు కోలుకున్నారు. సస్పెన్షను గడువు తీరింది. భ్రమరాంబ డ్యూటీలో చేరిన ఉదయం కామేశంగారు పరీక్షల గదికి వచ్చి, అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరగా వేశారు.

"ఇంకొక్క ఫిర్యాదు చేస్తే ఉద్వాసనేనమ్మా. నా చేత్తో నేనే రాయాలి. మీకు దండం పెడతాను, నేరం మార్చుకోండమ్మా."

"ఏమన్నారు?"

"ఫిర్యాదు తప్ప ఇంకేదైనా చేయండి. ఏం చేసినా మళ్లీ ప్రథమ సోపానమే కదా. నిబంధన అందరికీ ఒకటే."

ఆయన భయపడుతూ ఇచ్చిన సలహా అది. ఆయన వెళ్లిపోయాక భ్రమరాంబ పాలపొడి గోదాములోకి వెళ్లి, గోడమీది నిచ్చెన బొమ్మను కింది మెట్టునుంచి పై మెట్టుదాకా మళ్లీ చూసింది.

ఆ రోజు సంఘం చైర్మనుగారు తనిఖీకి వచ్చారు. తెల్లటి పంచె, మెడలో దండ, పక్కన పురంజయరావుగారు. సరిగ్గా అప్పుడే సింహాద్రి టాంకరు ఆవరణలోకి వచ్చి ఆగింది. భ్రమరాంబ గ్లాసుతో పాలు తీసి చూసింది. మళ్లీ కాలువ వాసన. ఆవిడ కాగితం తీయలేదు. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. టాంకరు వెనక్కి వెళ్లి, చీరకొంగు నడుముకు దోపి, రెండు చేతులతో వాల్వు పట్టుకుని పూర్తిగా తిప్పేసింది.

టాంకరు పాలన్నీ ఆవరణమీద పడ్డాయి. చైర్మనుగారి చెప్పులు తేలి గేటువైపు పోయాయి. పురంజయరావుగారు "ఆపండి! ఆపండి!" అని పరుగెత్తి, జారి, వెల్లకిలా పడి, పాలలో అంత దూరం జరిగి వెళ్లారు. ఎండలో ఆ పాలనుంచి పాచి కంపు లేచింది. చైర్మనుగారు ముక్కు మూసుకున్నారు. జీవితంలో మొదటిసారి ఆయన తన సంఘం పాల వాసన చూశారు.

"ఉద్వాసన!" అని అరిచారు పురంజయరావుగారు కింద పడి ఉండే. శిక్షణనుంచి వచ్చాక ఆయన అరవడం అదే మొదలు. "కామేశం! రాయవయ్యా, ఉద్వాసన!"

కామేశంగారు పాలలో పంచె తడవకుండా ఎత్తి పట్టుకుని వచ్చారు. ఒళ్లంతా చెమటలు పట్టినా ఆ మాట మాత్రం అన్నారు. "లేదండి సార్. ఫిర్యాదు చేయలేదండి. ఇది కొత్త స్వభావమండి. ప్రథమ సోపానమండి."

చైర్మనుగారు చూస్తుండగా విధానాన్ని కాదనలేక, తడిబట్టలతోనే పురంజయరావుగారు భ్రమరాంబకు హితబోధ చేశారు. పళ్లు బిగించి, "మీ బాల్యం... ఎలా గడిచింది?" అన్నారు.

"హాయిగా గడిచిందండి. మాకు గేదెలుండేవి" అంది భ్రమరాంబ.

నివేదిక లేదు కాబట్టి సింహాద్రి తప్పు ఫైలుకెక్కలేదు. ఇక ఆవిడ ఒక్క నివేదికా పంపలేదు. ఒకసారి టాంకరు తాళాలు కాలువలో పారేసింది. ఒకసారి సింహాద్రిని పాలు నిలవచేసే చల్లటి గదిలో పెట్టి, నీళ్లు ఎక్కడ కలిపాడో వాడే చెప్పేదాకా బయట గడియ వేసింది. ఒకసారి కలిపిన పాలు ఒక చెంబుడు పట్టుకెళ్లి, తాగేదాకా కదలనని వాడి ఎదుట నించుంది. అన్నీ కొత్త స్వభావాలే. అన్నిటికీ హితబోధే. సింహాద్రికి తోచే దొంగతనాలు తరుగుతూ వచ్చాయి, ఆవిడకు తోచే నేరాలు పెరుగుతూ వచ్చాయి. పాలు కాస్త చిక్కబడ్డాయి.

సంఘం రికార్డుల్లో మాత్రం ఇదంతా మరోలా కనిపించింది. ఉద్వాసనలు లేవు. ఫిర్యాదులు లేవు. పైఅధికారులు మెచ్చుకున్నారు. వార్షిక సర్వసభ్య సమావేశంలో భ్రమరాంబకు ఉత్తమ పరివర్తిత ఉద్యోగి పురస్కారం ఇవ్వాలని పురంజయరావుగారు నిర్ణయించారు. సింహాద్రికి క్రమశిక్షణా సలహాదారు పదవి ప్రకటించారు. మైదానంలో షామియానా వేశారు. నాలుగు మండలాల పాడి రైతులు వచ్చి కూర్చున్నారు. ప్రార్థన పాడడానికి హాస్టలు పిల్లల్ని తెచ్చారు. పాట అయిపోగానే పిల్లలకీ అతిథులకీ గ్లాసుల్లో పాలు పంచారు.

"ఒకప్పుడు నిత్యం ఫిర్యాదులు చేసిన ఈ మహిళామణి" అని మైకులో చదువుతున్నారు పురంజయరావుగారు, "మన విధానం ఫలితంగా ఆ దురలవాటును సమూలంగా త్యజించారు. మౌనం ఈమెకు ఆభరణమైంది." శాలువా కప్పారు. చప్పట్లు మోగాయి. అందులో సింహాద్రివి గట్టిగా వినిపించాయి.

ఆ పొద్దుట సభ హడావిడిలో టాంకరును పరీక్షల గది దగ్గర ఆపకుండా నేరుగా మైదానానికి తోలుకొచ్చారు. భ్రమరాంబ వేదికమీద తనకిచ్చిన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. తల ఎత్తేసరికి పిల్లల వరసలో గంగాభవాని కనిపించింది. ఆ పిల్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా, ఆవిడవంకే చూస్తోంది. పక్కన వార్డెను "తాగవే, తాగు" అని మోచేత్తో పొడుస్తోంది.

తాళాలు పారేయడానికి ఇక్కడ కాలువ లేదు. తిప్పడానికి వాల్వు లేదు. కొత్త నేరం ఆలోచించే వ్యవధీ లేదు. భ్రమరాంబ మైకు లాక్కుంది.

"పాలు తాగకండి! కాలువ నీళ్లు కలిపారు. పిల్లలూ, గ్లాసులు కింద పెట్టండమ్మా!"

గంగాభవాని గ్లాసు అప్పుడే కింద పెట్టేసింది. చూసినవాళ్లంతా అదే పని చేశారు. రైతులు లేచారు. ఒక ముసలి రైతు గ్లాసులో వేలు ముంచి నాలుక్కి రాసుకుని, ఉమ్మి, "ఇవి మా పాలు కావురోయ్!" అని అరిచాడు. తర్వాత షామియానా ఎవరు లాగారో, టాంకరు అద్దాలు ఎవరు పగలగొట్టారో తెలియదు. సింహాద్రి జనంలోంచి పరుగెత్తి బస్సెక్కాడు.

ఇంత గందరగోళంలోనూ సంఘంలో ఒక్క పని మాత్రం ఆలస్యం లేకుండా జరిగింది. వేదికమీదే, కప్పిన శాలువా తీయకముందే, భ్రమరాంబకు పంచమ సోపానం కాగితం అందింది. స్వభావం పాతదే. ఫిర్యాదు.

ఇంటికొచ్చాక మాణిక్యమ్మ కాగితం తిప్పి తిప్పి చూసి, "పోతే పోయింది వెధవ ఉద్యోగం" అంది. వంటింట్లోకి వెళ్లి, కోడలికి వినపడకుండా ముక్కు చీదుకుంది.

మర్నాడు పొద్దున్నే గుమ్మంలో క్యాన్ల చప్పుడైంది. మైదానంలో వేలు ముంచి చూసిన ముసలి రైతు, వెనకాల మరికొందరు సైకిళ్ల మీద పాలు తెచ్చి నిలబడ్డారు. "అమ్మా, మా పాలు మీరు చూసి బాగున్నాయని చెప్తే హాస్టలోళ్లూ, హోటలోళ్లూ నేరుగా మా దగ్గరే కొంటామంటన్నారు. ఆ సంఘానికి ఇక పొయ్యం" అన్నాడు. భ్రమరాంబ లోపలికెళ్లి సొంత గాజుగొట్టం తెచ్చుకుని అరుగుమీద పీట వేసుకుంది. కొన్నాళ్లకు ఆ వరస వీధి మలుపుదాకా పెరిగింది. సంఘం టాంకర్లు ఖాళీగా తిరిగిరావడం మొదలైంది.

ఒకరోజు ఆ వరస పక్కనుంచి కామేశంగారు ఒదిగి ఒదిగి వచ్చారు. చేతిలో కవరు.

"సంఘం అనుమతి లేకుండా పాలు పరీక్షించడం దుష్ప్రవర్తన అని ఎండీగారు తేల్చారమ్మా. కొత్త స్వభావం కాబట్టి ప్రథమ సోపానం. రేపు హితబోధకు రమ్మన్నారు."

"నేను మీ ఉద్యోగిని కాను కదండీ?"

"అదేనమ్మా వచ్చిన చిక్కు. ఉద్యోగి కానివారికి హితబోధ చేసే అధికారం సంఘానికి లేదు. అందుకని..." కామేశంగారు ఒకసారి దగ్గారు. "ముందు మిమ్మల్ని తిరిగి ఉద్యోగంలోకి తీసుకుంటున్నారు. పాత ఇంక్రిమెంటుతో సహా. ఆ ఉత్తర్వు కూడా ఇందులోనే ఉంది."

వరసలో ఉన్నవాళ్లు నవ్వడం కూడా మరిచిపోయి చూస్తున్నారు. భ్రమరాంబ తర్వాతి క్యాను మూత తీసి, గాజుగొట్టం ముంచి, దాని మీది గీత చూసుకుంది.

"కామేశంగారూ," అంది తలెత్తకుండా, "కాస్త పక్కకి జరగండి. ఎండొచ్చేస్తోంది, పాలు విరిగిపోతాయి."